సిజేరియన్ కోతలను మూయడం: గర్భసంచి మూల నుంచి చర్మపు కుట్టు దాకా

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే. దేశం మొత్తానికి ఆ సంఖ్య 21.5 శాతం. జనం ‘పెద్దాపరేషన్’ అని పిలిచే ఈ శస్త్రచికిత్స నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో పరిమితమైనది కాదు. కావలి, కందుకూరు, మార్కాపురం ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ అది రోజువారీ పనే. ఒకసారి కోసిన గర్భసంచిని మళ్లీ కోయవలసి రావడం మన ప్రాంతంలో మామూలు కాబట్టి, ఈరోజు వేసిన కుట్టు నాణ్యత రెండు మూడేళ్ల తరువాత, బహుశా వేరే ఊళ్లో, వేరే డాక్టరు చేతిలో బయటపడుతుంది.

బిడ్డను బయటికి తీయడం నిమిషాల్లో ముగుస్తుంది. మిగతా సమయంలో అధికభాగం మూయడానికే పడుతుంది. అయినా శిక్షణలో కోత గురించి చెప్పినంత వివరంగా మూత గురించి చెప్పరు. ఏ దారం వాడాలి, ఎన్ని వరసలు వేయాలి అనే చర్చ మాత్రం ఎంతసేపైనా సాగుతుంది. నా దృష్టిలో ఆ చర్చకు దక్కుతున్న ప్రాధాన్యం ఎక్కువ. కోత మూల కంటికి కనిపించాకే సూది గుచ్చారా, కలిపిన అంచులు కలపవలసిన అంచులేనా, పొట్ట మూసేముందు రక్తం నిజంగా ఆగిందా అన్నవే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. ఈ మార్గదర్శి అసిస్ట్ చేస్తున్న హౌస్ సర్జన్ల కోసం, సీనియర్ పర్యవేక్షణలో స్వయంగా మూయడం మొదలుపెట్టిన పీజీల కోసం రాసినది. దీన్ని చదివి ఒంటరిగా చేయడానికి పూనుకోకూడదని వేరే చెప్పనక్కరలేదు.

సూది పట్టకముందు

మంచి మూతకు పునాది కోతకు ముందే పడుతుంది. సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ 2 గ్రాములు, తల్లి బరువు 120 కిలోలు లేదా అంతకు మించితే 3 గ్రాములు, చర్మం కోయడానికి ముందు 60 నిమిషాలలోపు ఇవ్వాలి. బొడ్డుతాడు కోసేదాకా ఆగే పాత పద్ధతిని వదిలేయాలి. నొప్పులు మొదలైన తరువాత, లేదా ఉమ్మనీరు పోయిన తరువాత చేసే సిజేరియన్లలో అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు సిర ద్వారా జత చేస్తే గాయంలోనూ, గర్భసంచిలోనూ ఇన్‌ఫెక్షన్ తగ్గుతుంది. రక్తనష్టం 1500 మిల్లీలీటర్లు దాటితే సెఫజోలిన్ మరో డోసు ఇవ్వాలన్నది హడావుడిలో అందరూ మరిచిపోయే విషయం. దాన్ని గుర్తుచేసే బాధ్యతను ముందుగానే ఎనస్థీషియా డాక్టరుకు అప్పగించుకుంటే మేలు.

మాయను చేత్తో ఒలిచి తీయకుండా, ఆక్సిటోసిన్ ఇచ్చి గర్భసంచి గట్టిపడ్డాక బొడ్డుతాడును నిదానంగా లాగి తీయాలి. అలా తీసినప్పుడు రక్తనష్టమూ, ఎండోమెట్రైటిస్ (గర్భసంచి లోపలి పొర ఇన్‌ఫెక్షన్) కూడా తక్కువ. తరువాత స్పాంజ్ హోల్డర్‌కు చుట్టిన మాప్‌తో లోపలంతా ఒకసారి తుడిచి, పొరల ముక్కలు మిగలలేదని చూసుకోవాలి. గర్భసంచి ముఖద్వారాన్ని లోపలినుంచి వేలితో వెడల్పు చేయడం వల్ల ప్రయోజనం ఉన్నట్టు ఆధారాలు లేవు. తల్లి ముందుగా ఒప్పుకుని ఉంటే కాపర్-టి పెట్టవలసిన సమయం ఇదే. దాన్ని ఫండస్ (గర్భసంచి పైకొస) దాకా చేర్చి, దారాలను కింది భాగం వైపు వదలాలి. గర్భసంచిని మూసేటప్పుడు ఆ దారాలు కుట్టులో చిక్కకుండా చూసుకోవాలి, ఎందుకంటే చిక్కితే తరువాత ఓపీలో కాపర్-టి తీయబోయినప్పుడు అది కదలదు.

ఇక అంచులను గుర్తించడం. రెండు మూలలనూ, పై అంచునూ, కింది అంచునూ గ్రీన్ ఆర్మిటేజ్ లేదా ఆలిస్ ఫోర్సెప్స్‌తో పట్టుకోవాలి. నాలుగూ చేతికి చిక్కేదాకా సూది అడగకూడదు. అతి ప్రమాదకరమైన పొరపాటు కింది అంచు దగ్గర జరుగుతుంది. గర్భసంచి ముడుచుకుపోయినప్పుడు దాని వెనక గోడ ముందుకు ఉబికి, అచ్చం కింది అంచులాగే కనిపిస్తుంది. దాన్నే పై అంచుకు కలిపి కుట్టేస్తే గర్భసంచి లోపలి దారి మూసుకుపోతుంది, అసలు అంచేమో మూత్రాశయం వెనక రక్తం కారుస్తూనే ఉంటుంది. ఫోర్సెప్స్ పట్టుకున్న అంచు కిందుగా వేలు పెట్టినప్పుడు అది సాఫీగా ముఖద్వారం వైపు దిగితేనే మీరు పట్టుకున్నది ముందు గోడ. ముఖద్వారం పూర్తిగా తెరుచుకున్నాక, బిడ్డ తల బాగా దిగిపోయాక చేసిన సిజేరియన్లలో ఈ పరీక్ష తప్పనిసరి. పీహెచ్‌సీలో చాలాసేపు ప్రయత్నించి 108లో పంపిన కేసుల్లో కింది అంచు వాచి, పల్చబడి, మూత్రాశయం చాటుకు జారిపోయి ఉంటుంది.

గర్భసంచిని పొట్ట బయటికి తీయడం

దీనిమీద వాదన పాతది. బయటికి తీస్తే మూలలు స్పష్టంగా కనిపిస్తాయి, అండాశయాలనూ ట్యూబులనూ చూడటం సులువవుతుంది. అయితే స్పైనల్ మత్తులో మెలకువగా ఉన్న తల్లికి వాంతి, గుండెలో ఇబ్బంది, లాగుతున్న నొప్పి కలగవచ్చు. కొత్తగా కుట్టు నేర్చుకుంటున్నవారు, కోత పక్కకు చిరిగిన సందర్భాల్లో, బయటికి తీయడమే మంచిది. అలవాటైన చేతికి, చిరుగు లేని కోతకు ఆ అవసరం లేదు. తీసేముందు ఎనస్థీషియా డాక్టరుకూ తల్లికీ ఒక మాట చెప్పాలి.

మూలలు

మొత్తం ప్రక్రియలో ఎక్కువ ఓపిక చూపవలసిన చోటు ఇది. కోత మూల దగ్గర తెగిన రక్తనాళం కండరంలోకి ముడుచుకుని పోతుంది కాబట్టి సరిగ్గా మూల మీద వేసిన కుట్టుకు అది దొరకదు. అసిస్టెంట్ ఫోర్సెప్స్‌ను కొద్దిగా పైకీ మధ్యకూ లాగిపట్టుకోగా, మూలకు బయటగా సుమారు అర సెంటీమీటరు దూరంలో మొదటి బైట్ (సూదితో ఒకసారి పట్టే కణజాలం) వేసి ముడి వేయాలి, దారం కొసను పొడవుగా వదిలి క్లిప్ పెట్టాలి. రెండో మూలను కూడా ఇలాగే విడిగా భద్రపరిచి, ఆ తరువాతే మధ్య భాగానికి రావడం నాకు నచ్చిన క్రమం. ఒకే దారంతో ఒక చివరినుంచి కుట్టుకుంటూ వెళ్లి రెండో మూలను చివర్లో వెతుక్కునేవారికి, అక్కడికి చేరేసరికి రక్తం నిండి ఆ మూల కనిపించదు.

బయటివైపు ఎంత దూరం పోవచ్చు అన్నదానికి శరీర నిర్మాణమే హద్దు. గర్భాశయ ధమని పక్కనే పైకి పోతుంది. మూత్రనాళం ఆ ధమని కిందుగా, సర్విక్స్‌కు (గర్భసంచి ముఖద్వారానికి) దాదాపు 2 సెంటీమీటర్ల దూరంలో దాటుతుంది. మూల నుంచి చిరుగు బ్రాడ్ లిగమెంట్‌లోకి (గర్భసంచి పక్కన ఉండే పొర మడతలోకి) పోయి, అక్కడ రక్తం గడ్డకట్టి ఉబ్బుతూ ఉంటే, కనబడని చోట లోతుగా సూది గుచ్చి ఆపాలనే తొందర మూత్రనాళానికి ముప్పు తెస్తుంది. అప్పుడు చేయవలసిన పనులకు ఒక వరస ఉంది. మొదట మాప్‌తోనో వేళ్లతోనో నొక్కిపెట్టి రక్తాన్ని అదుపులో ఉంచాలి, గర్భసంచిని బయటికి తీసి ఎదుటి పక్కకు లాగాలి, మూత్రాశయాన్ని ఇంకొంచెం కిందికి దించాలి, ఎడమచేతి వేళ్లను బ్రాడ్ లిగమెంట్ వెనకనుంచి పెట్టి చిరిగిన చోటును ముందుకు ఎత్తాలి. చిరుగు కొస కంటికి కనిపించాక, దానికి కాస్త ఆవలగా మొదటి కుట్టు పడాలి. కొస కనిపించకపోతే, అందుబాటులో ఉన్న చోట ఒక కుట్టు వేసి, ఆ దారాన్నే పట్టుకుని లాగుతూ కిందికి దిగాలి. సీనియర్‌ను పిలవవలసిన క్షణం కూడా ఇదే. రక్తం బాటిల్ తెప్పించాలన్న మాట నోటివెంట రాకముందే పిలవాలి.

మొదటి వరస

మన థియేటర్లలో గర్భసంచికి ఎక్కువగా వాడేది నంబరు 1 విక్రిల్ అనే కరిగిపోయే దారం. క్రోమిక్ క్యాట్‌గట్ ఇంకా కొన్నిచోట్ల ఉంది. విక్రిల్ మూడో వారానికి దాదాపు సగం బలాన్ని నిలుపుకుని 56 నుంచి 70 రోజుల్లో కరిగిపోతుంది. క్యాట్‌గట్ బలం అంతకంటే త్వరగా, అనూహ్యంగా తగ్గుతుంది. అయినా భారత్‌తో సహా ఏడు దేశాల్లో సుమారు 16 వేల మంది తల్లులపై జరిగి, 2013లో తొలి ఫలితాలు వెలువడిన కొరోనిస్ పరీక్షలో ఈ రెండు దారాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. స్టోర్‌లో విక్రిల్ లేదన్న కారణంగా కంగారు పడనక్కరలేదు.

అంచునుంచి ఒక సెంటీమీటరు లోపలికి, ఒక బైట్‌కూ మరోదానికీ మధ్య ఒక సెంటీమీటరు ఎడంతో, కండరం మందమంతా అందేలా కుట్టుకుంటూ పోవాలి. లోపలి డెసిడువా పొరను కుట్టులో కలపాలా వద్దా అన్నదాని మీద నిపుణులు ఏకాభిప్రాయానికి రాలేదు. తేల్చి చెప్పగలిగినదేమిటంటే, కండరం లోతు భాగం లోతు భాగంతో కలవాలి. పైపైన పట్టుకుంటూ పోతే పైకి అందంగా కనిపించే కుట్టు కింద, లోపలివైపు, ఒక గాడి మిగులుతుంది. ఇస్త్మోసీల్ లేక నిష్ అని స్కాన్ రిపోర్టులో కనిపించే లోపం ఇదే. బహిష్టు ముగిశాక కూడా రోజుల తరబడి రక్తపు మచ్చలు కనపడటం, అరుదుగా పాత కోత మచ్చలో గర్భం నిలవడం దీనితో ముడిపడినవి. పై అంచు మందంగా, కింది అంచు పల్చగా ఉండటం సహజం కనుక రెండు వైపులా ఒకే లోతున సూది పోవాలంటే కింది అంచు దగ్గర కాస్త ఎక్కువ వెడల్పు తీసుకోవాలి.

ప్రతి బైట్‌నూ లాక్ చేస్తే (దారాన్ని ముందరి ఉచ్చులోంచి తీసి బిగిస్తే) రక్తం త్వరగా ఆగుతుంది, కానీ కండరానికి రక్తప్రసరణ కూడా తగ్గుతుంది. లాక్ చేసిన ఒంటి వరస కుట్టు తరువాతి కాన్పులో గర్భసంచి చిట్లే ప్రమాదాన్ని పెంచవచ్చని పరిశీలనలు సూచించాయి. కాబట్టి లాక్ చేయకుండా కుట్టడం అలవాటుగా పెట్టుకుని, బాగా రక్తం కారుతున్న ఒకటి రెండు చోట్ల మాత్రమే లాక్ చేయడం సమంజసం. దారం బిగువును నిలిపేది అసిస్టెంట్ చేయి. ప్రతి బైట్ తరువాత సర్జన్ బిగించినంతే బిగువుగా, వదులవకుండా, కోసుకుపోకుండా పట్టుకోవాలి. కండరం తెల్లబడిందంటే బిగువు ఎక్కువైనట్టే.

రెండో వరస

మొదటి వరస పూర్తయ్యాక మాప్ పెట్టి రెండు నిమిషాలు నొక్కి చూడాలి. చుక్కలుగా కారే రక్తం చాలావరకు ఆ నొక్కుకే ఆగుతుంది. నొక్కి చూడకుండా ప్రతి చుక్కకూ ఒక కుట్టు వేస్తూ పోతే, ప్రతి సూదిరంధ్రమూ ఇంకో చుక్కను కారుస్తుంది. నిలవని చోట ఎనిమిది అంకె ఆకారపు కుట్టు ఒకటి చాలు.

ఒక వరసా, రెండు వరసలా? కొరోనిస్‌లో స్వల్పకాలంలోనూ, మూడేళ్ల తరువాతి పరిశీలనలోనూ రెండింటి మధ్య స్పష్టమైన తేడా రాలేదు. నెదర్లాండ్స్‌లో జరిగి 2021లో వెలువడిన 2క్లోజ్ అధ్యయనం, రెండు వరసలు వేసినంత మాత్రాన తొమ్మిది నెలల తరువాత బహిష్టు అనంతర మచ్చలు తగ్గలేదని చూపింది. అలాగని రెండో వరస వృథా అనను. అంచులు మందంగా ఉన్నప్పుడు, మొదటి వరస తరువాత కూడా అంచులు నోరు తెరుచుకున్నట్టుంటే, తల్లి మరో బిడ్డను కోరుకుంటూ తదుపరి కాన్పు మామూలుగా జరగాలని ఆశిస్తున్నప్పుడు, మొదటి కుట్టును లోపలికి కప్పుతూ పై సగం కండరాన్ని మాత్రమే తీసుకునే రెండో వరస వేస్తాను. రెండో సిజేరియన్‌తో పాటు కు.ని. ఆపరేషన్ కూడా చేస్తున్న తల్లికి, రక్తం ఆగి ఉంటే, ఒక వరసతోనే ముగించవచ్చు. పాత మచ్చ పల్చగా ఉన్నచోట రెండో వరస కోసం బలవంతంగా మూత్రాశయం వైపు కణజాలాన్ని లాగడం మేలుకన్నా కీడే చేస్తుంది.

గర్భసంచి పైభాగంలో నిలువుగా కోసిన క్లాసికల్ కోత సంగతి వేరు. నెలలు నిండని బిడ్డ అడ్డంగా ఉన్నప్పుడు, మాయ ముందుకు పాకినప్పుడు ఇది తప్పకపోవచ్చు. అక్కడ కండరం మందం ఎక్కువ కాబట్టి లోతు కండరానికి ఒకటి, మధ్య కండరానికి ఒకటి, సెరోసాతో (గర్భసంచి పైపొరతో) కలిపి పైన ఒకటి, ఇలా మూడు వరసలు కావాలి. అసిస్టెంట్ రెండు అరచేతులతో గర్భసంచిని రెండు వైపులనుంచీ మధ్యకు నొక్కిపట్టుకుంటే దారం కండరాన్ని కోయకుండా ముడి పడుతుంది. టీ ఆకారంలో పైకి పొడిగించిన కోతలో ముందు నిలువు భాగాన్ని మూసి, ఆ తరువాత అడ్డం భాగానికి రావాలి. రెండూ కలిసే చోట ఒక విడి కుట్టు అవసరం.

కుట్టు చక్కగా పడినా గర్భసంచి మెత్తగా ఉంటే రక్తం లోపల నిండుతూనే ఉంటుంది. కార్బోప్రోస్ట్, మెథర్జిన్, ట్రనెక్సామిక్ యాసిడ్ వంటి మందులు అప్పుడే వాడాలి, బీ-లించ్ కుట్టు (గర్భసంచిని చుట్టూ నొక్కిపట్టే కుట్టు) వేయాలనుకుంటే పొట్ట తెరిచి ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. బీపీ ఉన్న తల్లికి మెథర్జిన్, ఆస్తమా ఉన్నవారికి కార్బోప్రోస్ట్ ఇవ్వకూడదు.

పొట్ట మూసేముందు

ట్యూబులు, అండాశయాలు చూడాలి. కు.ని. చేస్తుంటే ఫింబ్రియా (ట్యూబు చివరి కుచ్చు) కనిపించేదాకా ట్యూబును అనుసరించి, అది పక్కనే ఉండే రౌండ్ లిగమెంట్ కాదని నిర్ధారించుకున్నాకే కట్టాలి. రెండు పక్కలా చేరిన రక్తాన్నీ గడ్డల్నీ మాప్‌తో తీసేయాలి. సెలైన్‌తో పొట్టంతా కడగడం మామూలు కేసుల్లో అనవసరం, పైగా తల్లికి వికారం పెరుగుతుంది. మూలలను చివరిసారి, గర్భసంచిని లోపలికి పెట్టాక చూడాలి, ఎందుకంటే బయట లాగి ఉన్నప్పుడు నొక్కుకుపోయిన నాళం లోపలికి వెళ్లాక మళ్లీ కారవచ్చు. మాప్‌లు, సూదులు, పరికరాల లెక్క సరిపోయిందని స్టాఫ్ నర్సు గట్టిగా చెప్పాలి, సర్జన్ విన్నానని బదులు చెప్పాలి. లెక్క తేడా వస్తే ఎంత ఆలస్యమైనా, బయట బంధువులు ఎంత ఆత్రంగా ఉన్నా, మూయకూడదు. యూరిన్ బ్యాగ్‌లో రంగు ఎర్రగా ఉంటే మూత్రాశయాన్ని ఇప్పుడే పరీక్షించాలి.

పెరిటోనియాన్ని (పొట్టలోని పల్చటి పొరను), లోపలిదైనా పొట్ట గోడ వైపుదైనా, కుట్టనక్కరలేదు. అది తనంతట తానే కొద్ది రోజుల్లో మానుతుంది. కుట్టకపోతే సమయమూ, తొలిరోజుల నొప్పీ తగ్గుతాయి. రెక్టస్ కండరాలను (పొట్ట ముందువైపు నిలువు కండరాలను) మధ్యలో కలిపి కుట్టడం కూడా నొప్పిని పెంచే పనే. వాటి వెనకవైపును మాత్రం ఎత్తి చూడాలి. షీత్ (ఆ కండరాలను కప్పే గట్టి పొర) నుంచి కండరాన్ని విడదీసినప్పుడు తెగిన చిన్న నాళాలు షీత్ కింద పెద్ద రక్తపు గడ్డకు కారణమవుతాయి, మర్నాడు హిమోగ్లోబిన్ ఎందుకు పడిపోయిందో అర్థంకాక తల పట్టుకోవలసి వస్తుంది. అసలే రక్తహీనతతో వచ్చే మన తల్లులకు ఆ నష్టాన్ని తట్టుకునే శక్తి తక్కువ.

షీత్

పొట్ట గోడకు బలమిచ్చేది ఈ పొర ఒక్కటే. నంబరు 1 విక్రిల్‌తో లేదా పీడీఎస్ అనే నెమ్మదిగా కరిగే దారంతో, అంచునుంచి సెంటీమీటరు, బైట్‌ల మధ్య సెంటీమీటరు దూరంలో, లాక్ చేయకుండా కుట్టాలి. పక్క మూలల్లో షీత్ రెండు పొరలుగా విడిపోయి ఉంటుంది. పైపొరను మాత్రమే పట్టుకుంటే ఆ చోట హెర్నియాకు దారి మిగులుతుంది. మూలకు మరీ బయటికి పోతే ఇలియోఇంగ్వినల్, ఇలియోహైపోగ్యాస్ట్రిక్ నాడులు కుట్టులో చిక్కి, నెలల తరబడి ఒకే వైపు మంట, పోటు మిగలవచ్చు. అందుకే మూలను కోచర్ ఫోర్సెప్స్‌తో పైకెత్తి, చూసి, సరిగ్గా కొస దగ్గరే ఆపాలి. నిలువు కోత అయితే గాయం పొడవుకు కనీసం నాలుగు రెట్ల దారం లోపల పడేలా లెక్క చూసుకోవాలి.

కొవ్వు, చర్మం

కొవ్వు మందం 2 సెంటీమీటర్లు దాటితే సన్నటి దారంతో ఖాళీ లేకుండా దగ్గర చేయాలి. అంతకంటే తక్కువైతే వదిలేయవచ్చు. మామూలు కేసుల్లో చర్మం కింద డ్రెయిన్ వల్ల ప్రయోజనం లేదు.

చర్మానికి 3-0 లేదా 4-0 మోనోక్రిల్‌తో లోపలి కుట్టు ఉత్తమం. స్టేపుల్స్‌తో పోలిస్తే గాయం విచ్చుకోవడం తక్కువ. కుట్లు విప్పించుకోవడానికి పామూరు నుంచో ఉదయగిరి నుంచో మళ్లీ బస్సెక్కి రావలసిన అవసరమూ ఉండదు. అయితే చాలాసేపు ఉమ్మనీరు పోయి, దుర్వాసన వస్తున్న కేసులో విడివిడి మ్యాట్రెస్ కుట్లే మంచివి, ఎందుకంటే చీము పడితే ఒక్క కుట్టు విప్పి దారి ఇవ్వవచ్చు. చర్మం మూశాక ఫండస్‌ను నొక్కి, యోనిలో చేరిన గడ్డలను తీసి, రక్తస్రావం ఎంతో చూసిన తరువాతే తల్లిని టేబుల్ మీదనుంచి దించాలి.

వార్డులో, డిశ్చార్జి చీటీలో

రోహిణి కార్తె ఎండల్లో కాన్పైన తల్లికి పొట్ట మడత కింద చెమట నిలిచి గాయం నానుతుంది. బాలింతకు నడికట్టు గట్టిగా బిగించాలని పెద్దవాళ్లు పట్టుబడితే వారితో వాదించే బదులు, గాయం ఆరినాక, గాయాన్ని తాకకుండా పైన కట్టుకోమని చెప్పడం నయం. డ్రెస్సింగ్ తీశాక స్నానం చేయవచ్చని, గాయాన్ని మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలని, పసుపూ పౌడర్లూ పూయకూడదని తల్లితో పాటు తోడున్న అమ్మకో అత్తకో కూడా చెప్పాలి. పథ్యం పేరుతో నీళ్లు, పప్పు, గుడ్లు మాన్పిస్తే గాయం మానడం ఆలస్యమవుతుంది. జ్వరం, చీము, గాయం చుట్టూ పెరుగుతున్న ఎరుపు, గాయం విచ్చుకోవడం, ఉన్నట్టుండి ఎక్కువయ్యే రక్తస్రావం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా రమ్మనాలి.

మొదటి కాన్పు పుట్టింట్లో, రెండోది మెట్టినింటి దగ్గరో, భర్త పనిచేసే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో జరగడం మనవైపు ఆనవాయితీ. రెండోసారి చూసే డాక్టరుకు మన ఆపరేషన్ గురించి తెలిసేది ఆ ఒక్క చీటీ ద్వారానే. ‘ఎల్‌ఎస్‌సీఎస్ (గర్భసంచి కింది భాగంలో కోసే సిజేరియన్) చేయబడినది’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. కోత ఎక్కడ, ఏ దిశలో, పక్కకు చిరిగిందా, చిరిగితే ఎటు, ఎన్ని వరసలు, ఏ దారం, ఎంత రక్తం పోయింది, కు.ని. లేదా కాపర్-టి చేశారా అన్నవన్నీ ఉండాలి. క్లాసికల్ లేదా టీ కోత అయితే, తరువాతి కాన్పులో నొప్పులు రానివ్వకూడదని, నొప్పులకు ముందే సిజేరియన్ చేయాలని పెద్ద అక్షరాలతో తెలుగులో కూడా రాసి, తల్లికి చదివి వినిపించి, చీటీని ఆధార్ కార్డుతో పాటు దాచుకోమని చెప్పాలి.